నీరు త్రాగెడి రోడ్లు - గుణదోష విమర్శ

వాన కురియుట ఆకాశము పని. కురిసిన నీరు ఎటు పోవలెనో నిర్ణయించునది నేల. పచ్చికబయలు మీద పడిన వానలో 100 పాళ్లకు 10 మొదలు 30 పాళ్లు మాత్రమే సాధారణముగా ప్రవాహమై పోవును. మిగిలినది మట్టిలోనికి ఇంకును, లేదా ఆవిరియగును. అదే వాన ఇంటి కప్పుల మీదను, తారురోడ్ల మీదను, సిమెంటు ముంగిళ్ల మీదను పడినచో 80 మొదలు 95 పాళ్ల వరకు అప్పటికప్పుడే కాలువదారి పట్టును. నగరము పెరుగుట యనగా ఇట్టి నీరింకని నేల పెరుగుట. అందుచేతనే ముప్పది సంవత్సరముల క్రిందట ఏ వీధి మునుగలేదో ఆ వీధియే నేడు అదే వానకు మునుగుచున్నది. వేసవి వచ్చునప్పటికి ఆ వీధిలోని బోరుబావులే ఎండిపోవుచున్నవి. ఒక్క కారణము నుండి రెండు బాధలు పుట్టుచున్నవి.

దీనికి విరుగుడుగా కొంతకాలముగా వినవచ్చుచున్న మాట పారగమ్య కాంక్రీటు. నీటిని తనగుండ క్రిందికి పోనిచ్చు కాంక్రీటు అని దీని అర్థము. ఇంకుడు గుంతను ఎరిగినవారు దీనిని ఇంకుడు కాంక్రీటు అనినను తప్పు లేదు. 2015లో ఇంగ్లండులోని ఒక కాంక్రీటు తయారీ సంస్థ ఇట్టి రోడ్డును చలనచిత్రమున చూపినది. పెద్ద తొట్టెలారీ నుండి ధారగా క్రుమ్మరించిన నీరు రోడ్డు మీద నిలువక చూచుచుండగనే మాయమైనది. మొదటి నిమిషములో 4,000 లీటర్ల నీటిని ఇది మింగునని సంస్థ చాటినది. ఆ చిత్రము లోకమంతట వ్యాపించినది. ఇట్టి రోడ్లు వేసినచో నగరములకు వరద బాధ యుండదని అనేకులు నమ్మిరి. ఈ నమ్మకములో సత్యమెంత, భ్రమ ఎంత అని విడదీసి చూచుట అవసరము. ఏలయనగా పురపాలక సంఘములు రోడ్లకు వెచ్చించునది ప్రజల ధనము. వరదలో పోవునది ప్రజల ప్రాణము.

పదార్థ స్వభావము

సామాన్యమైన కాంక్రీటులో కంకర, ఇసుక, సిమెంటు, నీరు ఉండును. కంకర రాళ్ల నడుమ సందులను ఇసుక నింపును. ఇసుక రేణువుల నడుమ సందులను సిమెంటు ముద్ద నింపును. పారగమ్య కాంక్రీటులో ఇసుకను దాదాపు పూర్తిగా మానివేయుదురు. ఇంచుమించు ఒకే పరిమాణము గల కంకరను తీసికొని, ప్రతి రాతి చుట్టును సిమెంటు ముద్ద పలుచగా అంటుకొనునట్లు కలుపుదురు. రాళ్లు తాకిన చోట్ల మాత్రము అతుకుకొనును. మిగిలిన చోట్ల ఖాళీలు ఒకదానితో ఒకటి కలిసియుండును. మొత్తము ఘనపరిమాణములో ఈ ఖాళీలు సాధారణముగా 15 నుండి 25 శాతము వరకు ఉండును.

మరమరాల ఉండను చూచినవారికి ఈ నిర్మాణము సులభముగా బోధపడును. బెల్లపు పాకము మరమరాలను అతికించును గాని నడుమ సందులను నింపదు. పాకము పలుచనైనచో అడుగునకు జారి అక్కడ గట్టిపడును. ముదిరినచో అంటుకొనక ఉండ విడిపోవును. కాంక్రీటు విషయమును అంతే. సిమెంటు బరువుకు నీటి బరువు 0.27 నుండి 0.34 వంతు వరకు ఉండవలెనని నిపుణులు చెప్పుదురు. నీరు ఎక్కువైనచో సిమెంటు ముద్ద అడుగునకు దిగి క్రింది ఖాళీలను మూసివేయును. అప్పుడు పైకి కన్నములు కనిపించును గాని నీరు దిగదు. నీరు తక్కువైనచో కొలది నెలలలోనే కంకర ఊడివచ్చును.

ఇది క్రొత్త పదార్థమేమియు కాదు. 1852లోనే ఇంగ్లండులో ఇసుక లేని కాంక్రీటుతో ఇండ్లు కట్టిరి. రెండవ ప్రపంచయుద్ధము తరువాత సిమెంటు కొరత ఏర్పడిన యూరపు దేశములలో, తక్కువ సిమెంటుతో పని జరుగునను కారణమున గోడలకు దీనిని విరివిగా వాడిరి. నీటిని దింపెడి రోడ్డుగా దీని వాడుక 1970 ప్రాంతములలో అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున బలపడినది. అక్కడి నేల ఇసుకనేల, వానలు భారీ వానలు. ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొనవలెను. ఇసుకనేలలో గెలిచిన పద్ధతి బంకనేలలో తనంతట తాను గెలువదు.

ప్రదర్శనలో దాగిన ప్రశ్న

ఆ ఇంగ్లండు రోడ్డు చదరపు మీటరునకు నిమిషమునకు సగటున 600 లీటర్ల నీటిని దింపునని ప్రచారము జరిగినది. చదరపు మీటరు మీద ఒక లీటరు నీరు నిలిచినచో దాని లోతు ఒక మిల్లీమీటరు. కావున ఈ వేగము నిమిషమునకు 600 మి.మీ., అనగా గంటకు 36,000 మి.మీ. వానతో సమానము. భూమి మీద ఎక్కడను అట్టి వాన కురియదు. 2021 జూలై 20వ తేదీన చైనాలోని జెంగ్‌జౌ నగరమున సాయంకాలము 4 నుండి 5 గంటల లోపల 201.9 మి.మీ. వాన కురిసినది. అది ఆ దేశపు ప్రధాన భూభాగమున వాతావరణ కేంద్రములలో అంతకుముందెన్నడును నమోదు కానంతటి గంట వాన. దానినే నిమిషమునకు లెక్కించినచో చదరపు మీటరునకు 3.4 లీటర్లు మాత్రమే. 600 ఎక్కడ, 3.4 ఎక్కడ! ఇంచుమించు 180 రెట్ల భేదము.

దీనిని బట్టి తేలునదేమి? క్రొత్తగా వేసిన పారగమ్య కాంక్రీటు పైతలము ఎన్నడును అడ్డంకి కాదు. ఎంత వాననైనను అది దింపును. కాబట్టి పైతలము వేగమును చూపెడి ప్రదర్శన, సమస్య లేని చోట సమాధానమును చూపుచున్నదన్నమాట. అడుగవలసిన ప్రశ్న వేరు: దిగిన నీరు తరువాత ఎక్కడ ఉండును? అక్కడి నుండి ఎంత కాలములో పోవును? చలనచిత్రములో ఈ రెండు ప్రశ్నలకును జవాబు లేదు. ఏలయనగా జవాబు రోడ్డు క్రింద ఉన్నది. కెమెరా అక్కడికి దిగదు.

నేల తీర్పు

పారగమ్య రోడ్డు నిజమునకు ఒక తొట్టె. పైన కాంక్రీటు, దాని క్రింద పెద్ద కంకర పొర, దాని క్రింద సహజమైన మట్టి. కాంక్రీటు మందము 15 సెం.మీ., ఖాళీలు 20 శాతము అనుకొన్నచో అందులో 30 మి.మీ. వాన నిలుచును. క్రింద 30 సెం.మీ. కంకర పొర, దానిలో ఖాళీలు 40 శాతము ఉన్నచో అందులో 120 మి.మీ. నిలుచును. మొత్తము 150 మి.మీ. ఇది గొప్ప మొత్తమే. కాని ఈ లెక్క రోడ్డు తన మీద పడిన వానను మాత్రమే పట్టుకొన్నప్పుడు సరిపోవును. తనకు రెండింతల వైశాల్యము గల కప్పుల నీరు కూడ ఆ రోడ్డు మీదికి వచ్చినచో, 50 మి.మీ. వానకే తొట్టె నిండిపోవును.

తొట్టె నిండుట ఒక యెత్తు, ఖాళీయగుట ఒక యెత్తు. ఇసుక పాలు ఎక్కువగా గల గరపనేల గంటకు 20 నుండి 30 మి.మీ. నీటిని ఇంకించుకొనును. బంకనేల గంటకు 1 నుండి 5 మి.మీ. మాత్రమే ఇంకించుకొనును. 150 మి.మీ. నీరు నిండిన తొట్టె మొదటి నేలలో సుమారు 6 గంటలలో ఖాళీయగును. గంటకు 2 మి.మీ. ఇంకించు బంకనేలలో అదే తొట్టె ఖాళీయగుటకు 75 గంటలు, అనగా మూడు దినములు దాటును. ఈలోపల మరల వాన వచ్చినచో నిండిన కుండలో నీరు పోసినట్లే యగును. వర్షాకాలమున వాన తడవకొకసారి సెలవు తీసికొని రాదు గదా!

నల్లరేగడి నేలలో ఇంకొక చిక్కు కలదు. అది తడిసినప్పుడు ఉబ్బును, ఎండినప్పుడు బీటలువారును. అట్టి నేలలోనికి బుద్ధిపూర్వకముగా నీటిని దింపినచో పైనున్న రోడ్డే కదలిపోవును. అచట కంకర పొర అడుగున కన్నముల గొట్టములను పరచి, నీటిని మెల్లగా కాలువకు విడువవలసియుండును. అప్పుడు భూగర్భజలము పెరుగదు గాని వరద ఉధృతి తగ్గును. వాలు రోడ్డులో మరొక చిక్కు. లోపల నిలిచిన నీరు పల్లమునకు జారి, దిగువ కొస వద్ద పైకి ఉబుకును. కంకర పొరలో అడ్డుకట్టలు కట్టనిదే ఎగువ భాగపు తొట్టె వ్యర్థమగును.

జెంగ్‌జౌ నేర్పిన పాఠము

చైనా ప్రభుత్వము 2013 చివరి నుండి "స్పంజి నగరములు" అను ప్రణాళికను ముందునకు తెచ్చి, 2015లో 16 నగరములను ప్రయోగమునకు ఎన్నుకొన్నది. నగరపు నిర్మిత ప్రాంతములో 20 శాతము 2020 నాటికి, 80 శాతము 2030 నాటికి, పడిన వానలో 70 శాతమును తమలోనే పట్టుకొని వాడుకొనునట్లు చేయుట దాని లక్ష్యము. పారగమ్యమైన కాలిబాటలు, వానతోటలు, చిత్తడినేలలు, చెరువులు, అన్నియు ఇందులో చేరినవి. జెంగ్‌జౌ కూడ ఇట్టి పనులకు పెద్ద మొత్తములను కేటాయించినది. అయినను 2021 జూలైలో ఆ నగరము మునిగినది. ఆ నెల 17 నుండి 20వ తేదీ వరకు 617.1 మి.మీ. వాన పడినది. అక్కడి సాలీనా సగటు 640.8 మి.మీ. మాత్రమే. హెనాన్ రాష్ట్రములో 398 మంది మరణించిరి లేదా గల్లంతైరి. వారిలో 380 మంది జెంగ్‌జౌ వారే. భూగర్భ రైలులో చిక్కుకొని 14 మంది చనిపోయిరి.

వెంటనే స్పంజి నగరము వట్టి బూటకమని నిందించినవారు కలరు. ఈ నింద మునుపటి పొగడ్త వలెనే తొందరపాటు. ఏటా పలుమార్లు వచ్చు సామాన్యమైన వానలను ఇంకించుటకు ఏర్పరచిన పద్ధతి, ఏడాది వానను నాలుగు దినములలో ఇంకింపలేదని తప్పు పట్టుట న్యాయము కాదు. కాని రెండవ సంగతి కూడ ఉన్నది. పద్ధతికి గల హద్దును ప్రజలకు ముందే చెప్పనివారిది తప్పు. 2022 జనవరిలో వెల్లడియైన ప్రభుత్వ విచారణ, హెచ్చరికలకు తగినట్లు అధికారులు సకాలమున కదలకపోవుటను ఎత్తిచూపినది. రోడ్డు మీది నమ్మకము హెచ్చరికకు బదులు కారాదు. కాలిబాట ఎంత నీరు త్రాగినను, సొరంగములోని రైలును ఆపవలసినది మనిషియే.

తెలుగు నగరముల సంగతి

హైదరాబాదులో 2020 అక్టోబరు 13వ తేదీన మొదలైన వానకు ఘట్‌కేసర్ ప్రాంతమున సుమారు 32 సెం.మీ. నమోదైనది. నాలుగు దినములు గడువకముందే 17వ తేదీ రాత్రి మరల భారీ వాన కురిసినది. చెరువుల కట్టలు తెగి కాలనీలు మునిగినవి. పైన లెక్కించిన 150 మి.మీ. తొట్టె మొదటి వానలో సగమునైనను పట్టలేదు. ఆ నగరపు నేల క్రింద గల నల్లసేనపురాయి అనేక చోట్ల పైకి దగ్గరగా ఉండును. అట్టి చోట నీరు దిగుటకు దారియే తక్కువ.

విజయవాడ సంగతి వేరు. 2024 సెప్టెంబరు మొదట సింగ్‌నగర్ ప్రాంతమును ముంచిన నీరు ఆ వీధులలో కురిసిన వాన నీరు మాత్రమే కాదు. బుడమేరు గండ్లు పడి పైనుండి వచ్చిన నీరు. వీధి యంతయు పారగమ్య కాంక్రీటు అయినను ఆ వరదను ఆపియుండెడిది కాదు. వరదలన్నియు ఒక జాతివి కావు. వీధిలో కురిసి వీధిలో నిలిచిన నీరు వేరు, ఏరు పొంగి వచ్చిన నీరు వేరు. మొదటిదానికి ఇంకుడు రోడ్డు కొంత మందు. రెండవదానికి గట్లు, కాలువలు, ఆక్రమణ లేని చెరువులు మాత్రమే మందు.

1908 సెప్టెంబరు 28న మూసీనది హైదరాబాదును ముంచి వేలకొలది ప్రాణములను బలిగొన్న తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు వెలసినవి. నీటిని నగరమునకు రాకముందే నిలుపుట ఆ యోచనలోని సారము. పారగమ్య రోడ్డు కూడ అదే సూత్రమును చిన్న కొలతలో పాటించుచున్నది. కాని చిన్నది పెద్దదానికి తోడు కాగలదే గాని బదులు కానేరదు. ఒక చెరువును పూడ్చి, అందులో లేచిన ఇండ్ల నడుమ ఇంకుడు కాంక్రీటు వేసి, నీటికి న్యాయము చేసితిమనుట ఆత్మవంచన.

దుమ్ము, బరువు, మేస్త్రీ

ఖాళీల వలన కలిగిన గుణమునకు ఖాళీలే బలహీనత. దుమ్ము, ఆకులు, మట్టి ఆ ఖాళీలలో చేరి క్రమముగా మూసివేయును. ఇతర దేశములలో గాలితో పీల్చెడి యంత్రములతోను, ఒత్తిడి నీటితోను వీటిని ఏటేట శుభ్రపరచుదురు. తెలుగు పట్టణములలో ఇల్లు కట్టువారు ఇసుకను రోడ్డు మీద పోయుదురు. సిమెంటును రోడ్డు మీదనే కలుపుదురు. నీటి గొట్టము కొరకు త్రవ్విన చోట మామూలు సిమెంటుతో పూడ్చుదురు. ఈ అలవాట్లు మారనిచో ఏ ఇంకుడు రోడ్డైనను కొలది సంవత్సరములలో ఖరీదైన మామూలు రోడ్డుగా మిగులును. వేసెడి ఖర్చుతోపాటు కడిగెడి ఖర్చును కూడ అంచనాలో చేర్చని పథకము సగము పథకమే.

బలము విషయము కూడ చూడవలెను. జాతీయ రహదారుల కాంక్రీటు సంపీడన బలము సాధారణముగా 40 మెగాపాస్కలులు ఉండవలెనని నియమము. పారగమ్య కాంక్రీటు బలము మిశ్రమమును బట్టి 3 నుండి 28 వరకు ఉండును. 17 ప్రాంతము సాధారణము. బస్సులు, లారీలు మలుపు తిరుగు చోట పై కంకర ఊడిపోవును. లోపల ఇనుప చువ్వలు వేసి బలపరచుదమన్నచో, గాలియు నీరును ధారాళముగా తగిలి చువ్వలు తుప్పుపట్టును.

పనివాని నేర్పు మరొక ముఖ్య విషయము. మామూలు కాంక్రీటును తాపీతో నునుపు చేయుట మేస్త్రీ గొప్పతనము. ఇక్కడ ఆ నునుపే దోషము. తాపీ తగిలినచో కన్నములు మూసికొనును. మిశ్రమము బిగుసుకొన్నదని ఒక బొక్కెన నీరు చల్లుట వాడుక. ఇక్కడ ఆ బొక్కెనయే పనిని చెరచును. పరచిన 20 నిమిషముల లోపల పాలిథీను గుడ్డ కప్పి, 7 దినములు కదలింపకుండ ఉంచవలెను. మే నెల ఎండలో ఈ నియమము తప్పినచో కాంక్రీటు బూడిద వలె రాలును. కావున మేస్త్రీలకు శిక్షణ నీయక ఈ పనిని అప్పగించుట వారికిని అన్యాయము, పనికిని అన్యాయము.

నిలిచిన ప్రయోజనములు

ఇన్ని దోషములు చెప్పినంత మాత్రమున ఈ పదార్థము త్యాజ్యమని అర్థము కాదు. తగిన చోట దీని మేలు నిశ్చయమైనది. చిన్న, మధ్య తరగతి వానలను అది పడిన చోటనే పట్టును. ఏడాదిలో కురియు వానలలో ఎక్కువ భాగము ఇట్టివే. మొదటి వానకు రోడ్డు నుండి కొట్టుకొని వచ్చు మురికిలో కొంత భాగము ఖాళీలలోను, కంకర పొరలోను ఆగును. చెట్ల వేళ్లకు గాలి, తడి అందును. నీరు నిలువదు గనుక కాలు జారదు, రాత్రి దీపముల వెలుగు కండ్లలో పడదు. తడిసియున్నప్పుడు ఆవిరి వలన పరిసరము కొంత చల్లబడును. కాని ఎండకు పూర్తిగా ఎండినప్పుడు దీని పైతలము మామూలు కాంక్రీటుకంటె ఎక్కువ వేడెక్కుట కూడ కలదు. కాబట్టి "చల్లని రోడ్డు" అను పొగడ్తను షరతుతో అంగీకరింపవలెను.

కాలిబాటలు, ఉద్యానవనములలోని దారులు, వాహనములు నిలుపు స్థలములు, పాఠశాలల, కార్యాలయముల, అపార్టుమెంట్ల ఆవరణలు దీనికి తగిన తావులు. పెట్రోలు బంకులు, రసాయన కర్మాగారములు, వాహనముల మరమ్మతు కొట్టముల వద్ద ఇది తగదు. అక్కడి విషపదార్థములు భూగర్భజలములో చేరును. జలమట్టము నేలకు మిక్కిలి దగ్గరగా ఉన్న చోటను తగదు. మట్టినేలగా ఉంచగలిగిన ఆవరణను ముందు మట్టినేలగా ఉంచుటయే మేలు. సిమెంటు కాల్చకుండ, రూపాయి వెచ్చింపకుండ నీటిని ఇంకించునది మట్టియే.

పాఠశాలలో ఒక పరీక్ష

ఈ విషయమును ఉపాధ్యాయులు రెండు సులభమైన ప్రయోగములతో విద్యార్థులకు చూపవచ్చును. మొదటిది గుంత పరీక్ష. పాఠశాల ఆవరణలో 30 సెం.మీ. లోతు గుంత త్రవ్వి, నీటితో నింపి ఇంకనీయవలెను. మట్టి తడిసిన పిదప రెండవ మారు నింపి, ఒక కొలబద్దను నిలిపి, గంటకు ఎన్ని మిల్లీమీటర్లు తగ్గెనో వ్రాసికొనవలెను. ప్రక్కలకు కూడ నీరు పీల్చుకొనును గనుక ఇది స్థూలమైన అంచనాయే. అయినను బంకనేలకు, గరపనేలకు గల భేదము స్పష్టముగా తెలియును.

రెండవది పైతలపు పరీక్ష. ఊరిలో ఎక్కడైనను పారగమ్య బాట ఉన్నచో, 30 సెం.మీ. వ్యాసము గల అడుగులేని డబ్బాను దాని మీద నిలిపి, చుట్టును మెత్తని బంకమట్టితో సందు లేకుండ మూయవలెను. ముందు కొంత నీరు పోసి తడిపి, తరువాత 18 లీటర్ల నీటిని, లోపల 10 నుండి 15 మి.మీ. లోతు నిలుచునట్లు పోయుచు, ఎంత కాలములో దిగెనో చూడవలెను. ఆ వైశాల్యమునకు 18 లీటర్లు అనగా సుమారు 255 మి.మీ. నీరు. నిపుణుల ప్రామాణిక పరీక్షయు ఇంచుమించు ఇట్టిదే. ఒకే చోట ఏడాదికొకసారి ఈ పరీక్ష చేసి గీతపటము గీచినచో, దుమ్ము చేయు పని విద్యార్థుల కండ్లకు కట్టును.

ఈ రెండు పరీక్షలలో ఏది ముఖ్యమని విద్యార్థి అడిగినచో, గుంత పరీక్షయే ముఖ్యమని చెప్పవలెను. పైతలము ఎంత వేగముగా మింగునో చూపుట అమ్మువాని పని. క్రింది నేల ఎంత జీర్ణించుకొనునో కొలుచుట కొనువాని పని. కాంక్రీటు పోయుటకు ముందు ప్రతి పురపాలక సంఘము ఆ వీధిలో ఒక గుంత త్రవ్వి, ఒక కడవ నీరు పోసి, ఒక గంట ఓపిక పట్టినచో, ఈ పదార్థము వలన కలుగు లాభము నిలుచును. దాని పేరిట కలుగు నష్టము తప్పును.